ఇరవై మూడో నంబరు బిళ్ళ

“ఇక్కడ చూడాల్సినవేంటి, చెయ్యాల్సినవేంటి?”

ఈ ప్రశ్న నన్ను అడిగినంతమంది ఇంకెవర్నీ అడిగి ఉండరు. దానికి జవాబు చెప్పే బల్ల వెనకాల కూర్చునే ఏళ్ళకేళ్ళు జీతం తీసుకున్నాను. క్వీన్స్‌లాండ్ తీరం నుంచి ఫెర్రీలో గంటన్నర దూరం, పసిఫిక్‌లో చిన్న ద్వీపం. ఒక రిసార్టు, పడవలు ఆగే ఒక జెట్టీ, కొబ్బరిచెట్లు, చుట్టూ పగడపు దిబ్బలు. మా ఆయన అక్కడి వంటింట్లో కుక్. ఆయనతోపాటు వెళ్ళి మొదట లాండ్రీలో తువ్వాళ్ళు ఉతికాను, ఆ తర్వాత బల్ల దగ్గరికి, బోటు మీదికి వచ్చాను. పొద్దున్నే వస్తే తాబేళ్ళు. ఆటు సమయంలో పగడాల పక్కన నడక. ఈత రానివాళ్ళకి అడుగున అద్దం బిగించిన బకెట్టు, నీళ్ళలో ముంచి చూస్తే చేపలు అరచేతి దూరంలో ఉంటాయి. సాయంత్రం కొండెక్కితే సూర్యాస్తమయం. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఇప్పుడు రిటైరై పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో ఉంటున్నాను. మా వీధిలో హాస్పిటాలిటీ చదివిన ఇద్దరమ్మాయిలున్నారు. రీజినల్‌కి, అంటే పెద్ద నగరాలకి దూరంగా వెళ్తే, శాశ్వత నివాసానికి, అదే పీఆర్‌కి, పాయింట్లొస్తాయని అటువైపే ఏదో ద్వీపంలో ఉద్యోగం చూసుకున్నారు. “అక్కడ ముందు ఏం నేర్చుకోవాలి ఆంటీ?” అని అడిగారు. నవ్వుతూ మాట్లాడ్డం నేర్చుకోండి అని చెప్పి పంపేశాను. అది నిజమైన జవాబు కాదు. వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పదకొండేళ్ళ కిందటి మాట. అడిలైడ్‌లోని మాసన్ లేక్స్ నుంచి ఒక చర్చివాళ్ళు, అందరూ మనవాళ్ళే, సెలవులకి వచ్చారు. అన్నేళ్ళలో అంతమంది తెలుగువాళ్ళు ఒక్కసారిగా ఆ ద్వీపానికి రావడం అదే మొదలు. జెట్టీ మీద “ఒరేయ్, ఆ సంచీ పట్టుకోరా” అన్న కేక వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింట్లోకి పరిగెత్తి మా ఆయనతో పప్పుచారు పెట్టించాను. ఆ మూడు రోజులూ నేను ఉద్యోగం చేస్తున్నట్టు కాక, మా ఇంటికి చుట్టాలొచ్చినట్టు తిరిగాను. నా తప్పు అక్కడే మొదలైంది.

వాళ్ళలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నారు. గుంటూరు జిల్లాలో పనిచేశారట. భార్య, కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు, మొత్తం ఐదుగురు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇంట్లో అందరి తరఫునా ఆయనే మాట్లాడేవారు. “ఆంటీ, మీరు కాఫీ తాగుతారా, టీయా?” అని ఆయన భార్యని అడిగితే ఆయన “టీ” అనేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. లావుపాటి అద్దాల కళ్ళజోడు, నేత చీర, సన్నని గొంతు. దగ్గరివి బాగానే కనపడతాయిగానీ దూరానివి కళ్ళజోడు లేకపోతే అన్నీ పొగమంచు కప్పినట్టేనమ్మా అని తనే చెప్పింది.

మూడో రోజు ఇసుకదిబ్బ ప్రయాణం. అది మా దగ్గర అన్నిటికంటే పేరున్న వినోదం. ద్వీపానికి దూరంగా, నడిసముద్రంలో తెల్లటి ఇసుక మేట ఒకటి ఆటు వచ్చినప్పుడు నాలుగు గంటలసేపు బయటపడుతుంది. పోటు వచ్చిందంటే మళ్ళీ మునిగిపోతుంది. అక్కడ చెట్టు లేదు, గుడిసె లేదు. ఒక చివర తుపానుకి కొట్టుకొచ్చిన పగడపు ముక్కలు నడుమెత్తు గట్టులా పేరుకుని ఉండేవి, అంతే.

బోటు మీద పద్ధతి ఒక్క ముక్కలో చెప్తాను, ఇది తెలియాలి. గోడకి ఒక పలక, దానికి కొక్కేలు, ఒక్కో కొక్కేనికి నంబరేసిన ప్లాస్టిక్ బిళ్ళ. దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుని మణికట్టుకి కట్టుకోవాలి. తిరిగి ఎక్కాక ఎవరి చేత్తో వాళ్ళు కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి బయట ఉన్నట్టు. అన్ని బిళ్ళలూ వచ్చాక ఒకరు మళ్ళీ తలలు లెక్కపెట్టాలి. బిళ్ళలు నా వంతు. తలలు మాతో పనిచేసే జర్మన్ అమ్మాయి వంతు, ఆమె డైవింగ్ నేర్పేది. ఆ రెండు లెక్కలూ చెప్తేనే బోటు నడిపే స్కిప్పర్ ఇంజను వేస్తాడు. స్కిప్పర్ అరవై దాటిన ఆస్ట్రేలియన్, రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప.

ఆ రోజు ఇరవై ఎనిమిది మంది. బిళ్ళలు ఇస్తుంటే హెడ్మాస్టరుగారు చెయ్యి చాపి తన ఇంటివాళ్ళవి ఐదూ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నారు.

“అంకుల్, ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలండీ.”

“పిల్లది పారేస్తుంది, మీ ఆంటీ మర్చిపోతుంది. నా దగ్గరుంటే భద్రం కదమ్మాయ్.”

“ఇట్స్ మైన్, తాతా,” అంది మనవరాలు మొహం ముడుచుకుని.

“ముప్ఫై ఎనిమిదేళ్ళు బడి నడిపాను, ఐదు బిళ్ళలు దాచలేనా?” అని ఆయన నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇదే పని ఓ తెల్లాయన చేసి ఉంటే నిర్మొహమాటంగా చెయ్యి పట్టుకుని వెనక్కి ఇప్పించేదాన్ని. తండ్రి వయసు మనిషి, మనవాడు, నలుగురిలో కాదనడానికి నాకు నోరు రాలేదు.

రబ్బరు పడవలో రెండు దఫాలుగా అందర్నీ దిబ్బ మీదికి చేర్చాం. దిగగానే నేను అందరికీ చెప్పాను: మొదటి హారన్ వినపడితే సర్దుకోవాలి, రెండో హారన్‌కి పడవ దగ్గరికి రావాలి అని. ఆంటీ దాన్ని బడిగంట విన్నంత శ్రద్ధగా విన్నది.

తర్వాత బకెట్టు పట్టుకుని ఆవిణ్ణి మోకాలి లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళాను. కళ్ళజోడు మీద ఉప్పునీళ్ళు పడుతున్నాయని తీసి నా చొక్కా జేబులో పెట్టింది. “నీ దగ్గరుంచు తల్లీ.” బకెట్టులోకి వంగి చూసి, “అమ్మో, అన్నీ ముగ్గులేసినట్టున్నాయే!” అంది. నిమ్మపండు రంగు చేపలు, నీలంవి, చారలవి ఆవిడ కాళ్ళ మధ్య తిరుగుతున్నాయి. “ఇవి నన్ను చూస్తున్నాయా?” అని అడిగి చిన్నపిల్లలా నవ్వింది. ఆ మూడు రోజుల్లో ఆవిడ నోరు తెరిచి నవ్వడం నేను చూసింది అప్పుడే. అంతలో ఒక అల వచ్చి నడుం దాకా, ఇంకొకటొచ్చి నెత్తి దాకా తడిపేసింది.

తడి చీరతో మగాళ్ళ మధ్య పడవెక్కనంది. బోటులో బాత్రూం ఉంది కదా అన్నాను. “ఆ ఊగే గదిలో చీరెలా కట్టుకోనమ్మా?” పొడి చీర ప్లాస్టిక్ కవరులో తెచ్చుకుంది. నేను పగడపు గట్టు చూపించాను. “దాని అవతల ఎవరూ ఉండరు ఆంటీ. నిదానంగా మార్చుకోండి. రెండో హారన్ దాకా బోలెడు టైముంది. నేను చూసుకుంటాను.”

ఈ చివరి మాట నేనే అన్నాను.

ఆవిడ గట్టు అవతలికి వెళ్ళిన పది నిమిషాలకి గాలి తిరిగింది. నీళ్ళ రంగు ముదిరి, అలల మీద నురగ లేచింది. స్కిప్పర్ హారన్ కొట్టి, వెంటనే చెయ్యెత్తి అందర్నీ రమ్మన్నాడు. రెండో హారన్‌కి ఆగే పరిస్థితి లేదు. అదే సమయంలో ఒకాయన పగడం మీద కాలేసి కోసుకున్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కడుతున్నాను. గొడుగులు ఎగిరిపోతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు. మొదటి దఫాలో ఆంటీ కొడుకు, కోడలు, మనవరాలు వెళ్ళారు. రెండో దఫాలో హెడ్మాస్టరుగారు, నేను. కోడలు, అత్తయ్య మామయ్యతో ఉందనుకుంది. ఈయన భార్య కోడలితో ముందే వెళ్ళిందనుకున్నారు. నేనా, గట్టు సంగతే మర్చిపోయాను. ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు అర్థం కాదు. మర్చిపోయాను.

బోటెక్కగానే ఆయన జేబులోంచి ఐదు బిళ్ళలూ తీసి నా చేతిలో పోశారు. “మావాళ్ళు అందరూ వచ్చేశారమ్మాయ్. మీ ఆంటీ లోపల పడుకుని ఉంటుంది, ఆవిడకి పడవ పడదు.” లోపల బల్ల మీద ఎవరో దుప్పటి కప్పుకుని ముడుచుకుని ఉన్నారు. ఐదు బిళ్ళలూ నేనే తగిలించాను. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు. పలక నిండింది.

జర్మన్ అమ్మాయి లంగరు తాడుతో తంటాలు పడుతూ, తలలు నువ్వు చూడగలవా అని అరిచింది. చూస్తానన్నాను. సగం మంది వాంతులు చేసుకుంటున్నారు, ఇద్దరు బాత్రూంలో ఉన్నారు. స్కిప్పర్ పైనుంచి అడిగాడు.

“హెడ్స్?”

“ట్వంటీ ఎయిట్,” అన్నాను.

“నువ్వు లెక్కపెట్టావా?”

“యెస్.”

నేను లెక్కపెట్టలేదు. నిండిన పలక చూసి చెప్పాను.

ఇరవై నిమిషాలు ప్రయాణం చేశాం. అందరికీ అల్లం బిస్కట్లు, వాంతి సంచులు పంచుతున్నాను. ఒక పిల్లాడికి మొహం తుడవడానికి వంగితే చొక్కా జేబులో ఏదో గుచ్చుకుంది. తీశాను. లావుపాటి అద్దాల కళ్ళజోడు.

ఆవిడ బోటెక్కి ఉంటే ముందు చేసే పని నన్ను వెతికి కళ్ళజోడు అడగడమే. అది లేకుండా నాలుగడుగుల అవతల ఏదీ ఆనదు. లోపలికి పరిగెత్తి బల్ల మీది దుప్పటి లాగాను. వాళ్ళ చర్చిలో పాటలు పాడే వేరే ఆవిడ. రెండు బాత్రూంల తలుపులూ కొట్టాను. పైకెక్కాను, కిందికి దిగాను. కోడల్ని అడిగాను. “అత్తయ్య మామయ్యతోనే కదా ఉన్నారు?” అంది. చెప్తూండగానే ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

హెడ్మాస్టరుగారు లేచొచ్చారు. విషయం చెప్పాను. ఆయన నన్ను చూడలేదు, పలక వైపు చూశారు. దగ్గరికెళ్ళి ఇరవై మూడో బిళ్ళని, ఆంటీదాన్ని, వేలితో ముట్టుకున్నారు.

“ఇదిగో ఉంది కదమ్మాయ్. ఇక్కడే ఉంది కదా.”

“అది నేను తగిలించాను అంకుల్. మీరిస్తే నేను తగిలించాను.”

“ఉంది కదా,” అన్నారు మళ్ళీ.

స్కిప్పర్ దగ్గరికి ఎక్కిన ఆ తొమ్మిది మెట్లూ ఇప్పటికీ నా కాళ్ళకి గుర్తే. ఒకావిణ్ణి వదిలేసి వచ్చామని చెప్పాను. నువ్వు లెక్కపెట్టానన్నావు కదా అన్నాడు. లేదు, అబద్ధం చెప్పాను అన్నాను. చక్రం తిప్పేశాడు. బోటు ఒక పక్కకి ఒరిగి సామాన్లు దొర్లాయి. రేడియో తీసి సాయం కోసం చెప్పాడు. దగ్గర్లో వేరే పడవలు లేవు. ఆవిడకి ఈత వచ్చా అని అడిగాడు. రాదన్నాను. గడియారం చూశాడు. పోటు మొదలై అప్పటికే గంట దాటింది, పైగా గాలి నీళ్ళని దిబ్బ మీదికి ఇంకా తోస్తోంది. దిబ్బ నుంచి ఇక్కడికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు గాలికి ఎదురెళ్ళాలి. అరగంట.

ఆ అరగంట గురించి ఎక్కువ రాయలేను. కొడుకు బోటు ముందు కొసన నిలబడి కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. కోడలు ఏడుస్తోంది. చర్చివాళ్ళు చేతులు పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఊళ్ళో అమ్మవారికి మొక్కుకునే నేను కూడా వాళ్ళ మధ్య నిలబడి ఆ ప్రభువునే వేడుకున్నాను. ఎవరు విన్నా సరే అనుకున్నాను. హెడ్మాస్టరుగారు పలక ముందే కూర్చున్నారు. ఒక్కసారి మాత్రం, “నడిచేటప్పుడు నా వెనకాలే వస్తుంది అమ్మాయ్. ఎప్పుడూ. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు,” అన్నారు.

దిబ్బ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి దిబ్బ లేదు.

నీళ్ళు. అంతటా ఒకటే రంగు నీళ్ళు, నురగ. స్కిప్పర్ ఇంజను తగ్గించాడు. అప్పుడు కొడుకు అరిచాడు. దూరంగా బంతిపువ్వు రంగు ఏదో ఎగురుతోంది. చీర. తడిసిన చీర కొస రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుని ఉంది ఆంటీ. ఐదున్నర మీటర్ల చీర గాలికి సాగి ఆవిణ్ణి పడేసేలా గుంజుతోంది. పగడపు గట్టు నెత్తిన నిలబడింది, నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ఒక్కో అలకి మోకాళ్ళు మునుగుతున్నాయి.

బోటు అంత దగ్గరికి వెళ్ళలేదు, పగడాలు చీల్చేస్తాయి. జర్మన్ అమ్మాయి రబ్బరు పడవ దించింది. నువ్వు ఆగు అంటున్నా వినకుండా నేనూ దూకాను. రెండుసార్లు అల మమ్మల్ని పక్కకి నెట్టేసింది. మూడోసారి గట్టుకి ఆనించగలిగాం. ఆంటీ చప్పుడు వచ్చిన వైపు మొహం తిప్పింది. మేము ఎవరమో ఆవిడకి కనపడ్డం లేదు.

“ఎవరూ?”

“నేనే ఆంటీ, నేను.”

“రెండో హారన్ వినపడలేదమ్మా,” అంది ఆవిడ. పళ్ళు టకటకలాడుతున్నాయి. “ఒక్కటే కొట్టారు. రెండోదానికి చూస్తూ ఉన్నాను.”

నేను ఆవిడ నడుం పట్టుకుని పడవలోకి లాగి, అలాగే వాటేసుకుని భోరుమన్నాను. ఆవిడ కాళ్ళ నిండా కోతలు, నెత్తురు. నా వీపు నిమిరి, “ఏడవకు తల్లీ. ముందు నా కళ్ళజోడు ఇవ్వు,” అంది.

బోటెక్కాక స్కిప్పర్ చక్రం జర్మన్ అమ్మాయికిచ్చి కిందికొచ్చాడు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేస్తూ ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. హెడ్మాస్టరుగారు భార్య పక్కన కూర్చుని, తన తువ్వాలుతో ఆవిడ పాదాలు ఒత్తుతున్నారు.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో విచారణ. నేను వెళ్ళేసరికి ఆంటీ, అంకుల్ అప్పటికే అక్కడున్నారు. నా ఉద్యోగం పోతుందని వంటింట్లో ఎవరో చెప్పారట. ఆవిడ తనకొచ్చిన ఇంగ్లీషులో, “మై మిస్టేక్. షీ కాల్డ్, ఐ నాట్ కమ్,” అంటోంది. నా కోసం అబద్ధమాడుతోంది, అదీ చేతిలో బైబిలు పట్టుకుని. దాన్ని అందిపుచ్చుకుంటే నేను బయటపడేదాన్ని. బోటు పని నాకు ప్రాణం, లాండ్రీలోంచి అక్కడిదాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకే తెలుసు. నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం నోరు మూసుకుని నిలబడ్డాను.

తర్వాత కాగితం తీసుకుని రాశాను. బిళ్ళలు ఎవరివి వాళ్ళతో పెట్టించలేదు. గట్టు అవతలికి నేనే పంపాను. తలలు లెక్కపెట్టలేదు, పెట్టానని చెప్పాను. ఆ కాగితం మీదే స్కిప్పర్ ఒక వాక్యం చేర్చాడు: రెండో హారన్ కొట్టలేదు, అది నా తప్పు అని. ఎవరూ అడగలేదు ఆయన్ని.

నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఏడాదిపాటు బోటు మీదికి రావద్దన్నారు. మళ్ళీ లాండ్రీ. ఆ రోజు నుంచి ద్వీపంలో ప్రతి పడవకీ, ఫెర్రీకి కూడా, ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి, మంచాన పడ్డవాళ్ళయినా సరే అని రాసి పెట్టారు.

అమ్మాయిలూ, ఇదే మీరడిగినదానికి జవాబు. నవ్వడం వారంలో వస్తుంది. మనవాళ్ళు కనపడగానే మెత్తబడిపోతామే, పెద్దవాళ్ళ మాట కాదనలేక తల ఊపుతామే, అక్కడ జాగ్రత్త. గౌరవం ఇవ్వండి, బిళ్ళ మాత్రం ఇవ్వకండి.

వాళ్ళు వెళ్ళిపోయే రోజు నేను ఉతికిన తువ్వాళ్ళ బండి తోసుకుంటూ జెట్టీ పక్కగా పోతున్నాను. ఎవరి కంటా పడకూడదనే నా ఉద్దేశం. ఫెర్రీకి ఎక్కేముందు బిళ్ళ తీసుకోవాలి; దాని పలక ముందు వరస నిలబడింది. హెడ్మాస్టరుగారి వంతు వచ్చింది. అలవాటు చొప్పున చెయ్యి గుప్పెడు బిళ్ళల మీదికి వెళ్ళి, ఆగింది. ఒక్కటి తీసుకుని పక్కకి తప్పుకున్నారు. నన్ను చూసి దగ్గరికొచ్చారు.

“ముప్ఫై ఎనిమిదేళ్ళు హాజరు పిలిచాను అమ్మాయ్,” అన్నారు, నా బండిలోని తువ్వాళ్ళ వైపు చూస్తూ. “పిల్లాడి నోటితో ‘ప్రెజెంట్ సార్’ అని వినకుండా ఒక్కడికి కూడా టిక్కు పెట్టలేదు. పక్కవాడు చెప్తే బెత్తం తీసేవాణ్ణి.” కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఫెర్రీ ఎక్కారు.

ఆంటీ పలక ముందు కళ్ళజోడు సవరించుకుని ఒక్కో నంబరూ చదువుతోంది. వరస ఆగిపోయింది. ఎవరూ సాయం చెయ్యలేదు. ఇరవై మూడు వెతికి తీసుకుని, మణికట్టుకి తనే కట్టుకుంది. కట్లతో ఉన్న కాళ్ళు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చి బండి మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ రోజు ఫెర్రీ నడుపుతున్నది మా స్కిప్పరే. హారన్ కొట్టాడు. అందరూ గబగబా ఎక్కేశారు. పైనుంచి కొడుకు, “అమ్మా, రా!” అని పిలిచాడు.

“వెళ్ళండి ఆంటీ,” అన్నాను.

“ఉండమ్మా. అది మొదటిదే కదా,” అంది ఆవిడ, కదలకుండా.

స్కిప్పర్ కిటికీలోంచి మమ్మల్ని ఇద్దర్నీ చూశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండో హారన్ కొట్టాడు, చాలాసేపు.